కడబంతి

మస్తాన్ చేతిలోని కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టి, తెరకేసి రెండు చేతులూ జోడించాడు.

“అక్కా, ఇక నావల్ల కాదు. వీడికి నేను వండి పెట్టలేను,” అన్నాడు పక్కనున్న కుముదతో.

‘వీడు’ అంటే ‘కరువుదారి’ ఆటలో కథానాయకుడు. వానల్లేక ఎండిపోయిన మెట్ట ప్రాంతం నుంచి ఆరుగురు మనుషులు నడుచుకుంటూ నదీతీరం చేరడం ఆ ఆట. దారిలో దొంగలున్నారు, తోడేళ్ళున్నాయి, ఇసుక తుఫాన్లున్నాయి. వాటితో మస్తాన్‌కి ఏ పేచీ లేదు, అవన్నీ ఇష్టమే. కానీ తోడేలుని చంపి ఊపిరి పీల్చుకునేలోపు తెర మూల ఎర్రటి గిన్నె బొమ్మ వెలుగుతుంది. హీరోగారికి ఆకలి. ఆట ఆపి, సంచీ తెరిచి, జొన్నరొట్టె మీద నొక్కాలి. రెండు నిమిషాలకు మళ్ళీ గిన్నె, మళ్ళీ రొట్టె. ఆటలు పరీక్షించడమే ఉద్యోగంగా ఉన్న మస్తాన్‌కే ఓపిక నశించిందంటే, డబ్బిచ్చి కొనేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ వారం పద్దెనిమిది మంది ఆడితే పద్దెనిమిది మందీ ఆ గిన్నెనే తిట్టిపోశారు.

ఆ గిన్నె కుముదది. విశాఖపట్నంలో ఋషికొండ పక్కన ఉన్న ఆ స్టూడియోలో ఆమె ఆటకు నియమాలు రాస్తుంది. రెండేళ్ళుగా, ఇంకో ముగ్గురితో కలిసి ఆకలి ఒక్కదాని మీదే పనిచేస్తోంది. ఎవరేమన్నా ఆమెది ఒకటే మాట. ఆకలి లేని వీరుడికి ఎవరి గుమ్మం తొక్కాల్సిన పనీ ఉండదు. ఎవరినీ ఏదీ అడగనక్కర్లేనివాడి కథలో చెప్పుకోడానికి మిగిలేది కత్తి తిప్పడమే.

స్టూడియో యజమాని దేవిడ్రాజుగారు మంచివాడు. మంచివాడు కాబట్టే కేకలెయ్యకుండా నెమ్మదిగా కొంప ముంచే మాట చెప్పాడు.

“అమ్మా కుముదా, ఇంకో మూడు వారాల్లో కామత్ వస్తున్నాడు. ఆట విడుదల చేసేది వాళ్ళ కంపెనీయే. ఆకలి తీసెయ్యమని రెండుసార్లు రాశాడు. ఆయన వచ్చేలోపు దాన్ని ఆడబుద్ధేసేలా చేస్తే సరే. లేకపోతే తీసేద్దాం. తీసేస్తే మీ నలుగురికీ ఇక్కడ పనుండదు. ఈ మాట వేరేవాళ్ళ దగ్గర వినేకంటే నా దగ్గర వినడమే మంచిది కదా.”

“మూడు వారాలు చాలు సార్,” అంది కుముద. చాలవని ఆమెకు తెలుసు. కానీ ఆమె చేతిలో ఇంకా వాడని అస్త్రం ఒకటుంది. దాని పేరు ఫణి.

*

ఫణీంద్ర అంతకుముందు ఆసుపత్రులకు పరికరాలు తయారుచేసేవాడు. చెవి దగ్గర్నుంచి కడుపు దాకా మేత మేసే ఆవులా తీరిగ్గా తిరిగే నరం ఒకటుంది. కడుపు ఖాళీ అయిన సంగతి మెదడుకి చేరవేసేది అదే. ఆ నరం చెప్పే మాటలు వినడం ఫణి ముందు నేర్చుకున్నాడు. ఆ తర్వాత, విన్న మాటల్నే దానితో తిరిగి పలికించడం నేర్చుకున్నాడు. చెవికి ఒక క్లిప్పు, నడుముకి ఒక పట్టీ, అంతే. ఒకరి ఆకలిని నింపుకుని ఇంకొకరి కడుపులో వినిపించే ఆ పట్టీని ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యలేదని ఫణి చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

పట్టీకి ముందు ఎవరిదో ఒకరి ఆకలి కావాలి. చిత్రమేమిటంటే ముప్ఫైనలుగురున్న ఆ స్టూడియోలో ఒక్కరికీ శుభ్రమైన ఆకలి లేదు. పదింటికి టీ, పదకొండింటికి చిప్స్, మధ్యమధ్య కర్రీపఫ్. వాళ్ళ నరాలు చెప్పేది ఆకలో, అలవాటో ఫణికి తేలలేదు. చివరికి అందరికీ తోచిన పేరు అసిరమ్మ. ఆరేళ్ళుగా స్టూడియో మెస్ నడుపుతున్న మనిషి. పొద్దున్నే ఆరింటికి ఒక గ్లాసు టీ తాగి వంటలో దిగితే మధ్యలో ఇంకేమీ ముట్టదు.

“నడుముకి పట్టీ కట్టుకుంటే ఏటవుద్ది? కట్టండి,” అంది అసిరమ్మ.

కామత్ వస్తున్నాడన్న మాట రాకముందే నలభై రోజులు కట్టుకుంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఫణి చెయ్యి కడుక్కుంటూ, “అసిరమ్మా, భోజనమైందా?” అని కేకేసేవాడు. “అయిందయ్యా,” అని లోపల్నుంచి జవాబొచ్చేది. ఫణి చేతిలోని పరికరం మీద ‘కడుపు నిండింది’ అన్న మీట నొక్కి పైకెళ్ళిపోయేవాడు. అలా నలభై ఆకళ్ళు, నలభై నిండుకడుపులు జమయ్యాయి.

ఇప్పుడు వాటిని ఆటకు కలిపారు. పరీక్ష కోసం మస్తాన్‌ని కావాలనే రెండు ప్లేట్ల పులావు తిన్నాక కూర్చోబెట్టారు. మూడు నిమిషాలైంది. మస్తాన్ మొహం మారింది. పొట్ట పట్టుకుని ముందుకు వంగాడు.

“ఓర్నాయనో! ఇప్పుడేగా తిన్నాను! కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి ఫణీ!”

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. కుముద కుర్చీలోంచి లేచి గెంతినంత పని చేసింది. మస్తాన్ ఇక తెర మూల గిన్నెను చూడలేదు. తోడేళ్ళను వదిలేసి నేరుగా సంచీ తెరిచి జొన్నరొట్టె తిన్నాడు. ఆ తర్వాత ఇంకోటి, రేగుపళ్ళు, ఎండుచేపలు, చివరికి విత్తనానికి దాచిన కందులు కూడా.

“తగ్గిందా?”

“లేదక్కా. అలాగే ఉంది.”

ఆటలో తిండంతా అయిపోయింది. మస్తాన్ ఆకలి మాత్రం చెక్కుచెదరలేదు. క్లిప్పు పీకేశాక గానీ మామూలు మనిషి కాలేదు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. నలుగుర్ని మార్చి చూశారు. ఎంత తిన్నా తీరని ఆకలిని ఎవడు కొంటాడు? ఫణి పట్టీని విప్పి, భాగాలు ఊడదీసి మళ్ళీ బిగించాడు. రాసిన ప్రోగ్రామంతా రెండుసార్లు చదివాడు. ఎక్కడా తప్పు లేదు. అప్పటికి ఎనిమిది రోజులు గడిచిపోయాయి. దేవిడ్రాజుగారు కుముద ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. అది మంచి లక్షణం కాదు.

తొమ్మిదోరోజు మస్తాన్ ఆకలితో, కోపంతో ఆడుతున్నాడు. ఆట దారిలో ఒకచోట ఒక ముసలమ్మ కూర్చుని అంబలి అడుగుతుంది. ఆమెకిస్తే వచ్చే లాభమేమీ లేదు కాబట్టి అందరూ దాటుకుపోతారు. ఆమె మాత్రం వెనకాలే గొణుగుతూ వస్తుంది.

“తీసుకోవే తల్లీ, తాగు. నాకు ఎలాగూ ఒంటికి పట్టట్లేదు,” అంటూ మస్తాన్ ఉన్న ఒక్క ముంత అంబలీ ఆమె చేతిలో పెట్టాడు.

ముసలమ్మ తాగింది. మస్తాన్ కుర్చీలో నెమ్మదిగా వెనక్కి వాలాడు.

“అక్కా,” అన్నాడు చిన్న గొంతుతో. “తగ్గింది.”

ఇంకో ఐదుగురితో ఆడించారు. ఐదుగురికీ అంతే. తాము తింటే తీరని ఆకలి, ఎదుటివాళ్ళకు పెడితే తీరుతోంది. ఫణి ఎగిరి గంతేశాడు. అదృష్టం తలుపు తట్టిందన్నాడు, కామత్‌కి ఇదే చూపించేద్దామన్నాడు. కుముద మాత్రం పట్టీని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పట్టీ పాటపెట్టె లాంటిది. అందులో ఉన్నదే పలుకుతుంది. ఆటలో ఎవరు తిన్నా అదే పలుకుతోంది, కానీ ఎదుటివాళ్ళు తింటేనే కడుపుకి అందుతోంది. ఇది ఎవరి కడుపులోంచి వచ్చింది? నలభై రోజులూ ఒంటిగంటా నలభైకి ఏం జరిగింది?

*

మర్నాడు మధ్యాహ్నం కుముద తన కంచం పైకి తీసుకెళ్ళలేదు. ఆరేళ్ళలో మెస్సులో కూర్చుని తినడం ఆమెకు అదే మొదటిసారి. ఆ సంగతి తనకే అప్పుడు తట్టి సిగ్గేసింది.

అసిరమ్మ సాంబారు గిన్నె పక్కన నిలబడి ఉంది. చేతిలో గరిటె, చూపు మాత్రం కంచాల మీద. ఎవరి కంచంలో కూర అయిపోయిందో, ఎవరు అన్నం పక్కకు నెడుతున్నారో ఆమెకు తెలుస్తోంది. ఒంటిగంటా ముప్ఫై ఎనిమిదికి, కుముద తప్ప, ఆఖరివాడు కూడా లేచాడు. అసిరమ్మ గుమ్మానికి భుజం ఆనించి కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. ఆ క్షణంలో ఆమె మొహం ఎంత హాయిగా ఉందంటే, కుముద తింటున్నది ఆపి చూస్తూ ఉండిపోయింది.

“అసిరమ్మా, భోజనమైందా?” బేసిన్ దగ్గర్నుంచి అలవాటుగా ఫణి కేక.

“అయిందయ్యా.”

కాలేదు. కుముద కదలకుండా కూర్చుంది. అసిరమ్మ బల్లలు తుడిచింది, గిన్నెలు తోమింది, పొయ్యి కడిగింది. మూడు దాటి పది నిమిషాలకు, గ్యాస్ సిలిండర్ పక్కన ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చుని, గుండిగ అడుగున అంటుకుపోయిన మాడు అన్నం గీరుకుని మజ్జిగలో కలుపుకుంది.

“ఫణి అడిగితే అయిందన్నావుగా?”

అసిరమ్మ ఉలిక్కిపడింది. తర్వాత నవ్వేసింది. “అలగే అంటాను కుముదమ్మా. కానేదంటే మీరు కూకోమంటారు. నాను కూకుంటే మీకు ఎవులు పెడతారు?”

“నీకు మాడంటే ఇష్టమని అందరం అనుకున్నాం.”

“మాడు ఇష్టమున్నోళ్ళు ఎవులుంటారమ్మా? మిగిలీది అదే గదా.”

కుముద పైకి వెళ్ళి ఫణి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. చెప్పింది. ఫణి తన పరికరం మీది మీట వైపు చూశాడు. వాళ్ళింట్లో కూడా అమ్మని ఆ ప్రశ్న గుమ్మం దాటుతూ అడిగేవాడు, జవాబు వినకుండానే చెప్పులేసుకునేవాడు. ఇక్కడ కనీసం మీట నొక్కడానికైనా విన్నాడు. నమ్మాడు. నలభై రోజులు నమ్మాడు.

“పట్టీ రోజూ పొద్దున్నుంచీ నింపుకుందిగా. ఒక రోజు మొత్తం నాకు పెట్టు,” అంది కుముద.

“మొత్తమా? ఎందుకు?”

“పెట్టు ఫణీ.”

మర్నాడు పొద్దున్న ఆరింటికి పట్టీ కట్టుకుంది. ఇడ్లీ తినే వచ్చింది కాబట్టి ధైర్యంగానే ఉంది. తొమ్మిదింటిదాకా బాగానే ఉంది. పదింటికి ఆకలి వేసింది. పదకొండింటికి పైపొట్టలో నిప్పుకణిక పెట్టినట్టు ఒక మంట లేచింది. అది ఆకలి కాదు, ఇంకేదో. పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఆ మంటతో ఆ టైముకి అసిరమ్మ ముప్ఫైనలుగురికి వంకాయ కూర కలియబెడుతూ, వచ్చిపోయేవాళ్ళతో పరాచికాలాడుతూ ఉంటుంది. పన్నెండున్నరకు కుముద క్లిప్పు పీకేసింది. అసిరమ్మ తినే వేళకు ఇంకా రెండుగంటల నలభై నిమిషాలు మిగిలే ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

ఆ సాయంత్రమే అసిరమ్మని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కడుపులో పుండు అన్నాడాయన. ముదరలేదు, మందులకు తగ్గుతుంది, వేళకు తినాలి అన్నాడు.

“పుండా! గ్యాసనుకున్నాను గదమ్మా,” అంది అసిరమ్మ, ఎవరి గురించో చెబుతున్నట్టు.

*

కామత్ రావడానికి ఎనిమిది రోజులుంది. దేవిడ్రాజుగారి గదిలో కుముద, ఫణి, ఇంకో ఇద్దరూ కూర్చున్నారు. ఫణి మాట ఒకటే. ఉన్నది ఉన్నట్టు చూపించేద్దాం, పెడితే తీరే ఆకలి, ఇలాంటి ఆట భూమ్మీద లేదు. దేవిడ్రాజుగారికి కూడా నచ్చింది.

“కుదరదు సార్,” అంది కుముద. “అది అసిరమ్మ ఆకలి. ఆమెని అడక్కుండా ఎలా అమ్ముతాం? పైగా అది తీరలేదు. ఒంటిగంటా నలభైకి ఆమె కడుపు ఖాళీ.”

అసిరమ్మని పిలిచారు. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. సంగతి వినగానే ఆమెకు ముందు భయం, వెంటనే కోపం వచ్చాయి.

“అబద్ధం ఆడీసినానని కేసు పెడతారేటి?”

“తప్పు మాది అసిరమ్మా. నువ్వు ఒక్కసారి ఇది చూడు. ఇది నీ కడుపు నిండినప్పటిదేనా?” అని ఫణి క్లిప్పు పెట్టి, ఒంటిగంటా నలభైని వినిపించాడు.

అసిరమ్మ కళ్ళు మూసుకుంది. మొహం అంతా విచ్చుకుంది. ఎక్కడో తెలిసినవాళ్ళను చూసినట్టు నవ్వింది.

“ఇది నా కడుపు నిండినప్పటిది కాదు బాబూ,” అంది. “ఇది మీ కడుపులు నిండినప్పటిది.”

ఫణి క్లిప్పు తీసి బల్ల మీద పెట్టాడు.

“మరి నీ కడుపు నిండితే ఎలా ఉంటుంది?” అని అడిగింది కుముద.

ఆమె ఆలోచించింది. నిజంగానే గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. “మా ఆడబిడ్డ పెళ్ళిలో కడబంతిలో కూకున్నాను. అందరూ తినీసి ఎలిపోయినారు. వంటోళ్ళు నన్నొక్కర్తినీ కూకోబెట్టి, అమ్మా ఇంకొంచెం ఎయ్యమా, పులుసెయ్యమా అని అడిగి మరీ పెట్టినారు. అలగ ఎవులైనా పెడితే నిండుద్దమ్మా. మనం ఎట్టుకుంటే ఏటి, తిన్నామంతే. పాతికేళ్ళైంది.”

కుముద ఆ మాట పట్టుకుంది. రెండేళ్ళు వెతికినది చేతికి దొరికినట్టయింది. “సార్, ఆటలో ఎవరి కంచంలో వాళ్ళు వడ్డించుకోకూడదు. అదే నియమం. రొట్టె నీ సంచీలో ఉన్నా ఇంకొకరు పెడితేనే నీ ఆకలి తీరుతుంది. నువ్వు ఇంకొకరికి పెడితే ఒంటిగంటా నలభై వస్తుంది. నీకు ఒకరు పెడితే అసలుది వస్తుంది. ఆ అసలుది మన దగ్గర లేదు. అసిరమ్మ ఒప్పుకుంటే నింపుకోవాలి.”

“ఆకలి పెట్టుకోండమ్మా, తప్పునేదు,” అంది అసిరమ్మ. “మంట పెట్టకండి. ఆడుకునే పిల్లలకి అదెందుకు?”

మంట ఉంటేనే నిజంగా ఉంటుందని అప్పటిదాకా వాదించిన ఫణి, ఆ పూటే కూర్చుని పదకొండుగంటల మంటను నలభై రోజుల్లోంచీ ఒక్కొక్కటిగా తీసేశాడు.

*

అసలుదాన్ని పట్టుకోవడం అనుకున్నంత సులువు కాలేదు. మొదటిరోజు అసిరమ్మని మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టి ముప్ఫైనలుగురూ చుట్టూ నిలబడ్డారు. నైవేద్యం పెట్టినట్టు పెట్టారు. ఆమె బిగుసుకుపోయింది. నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. పట్టీ చెప్పేది ఫణి తెర మీద గీతగా కనిపిస్తుంది; అది పెరగకపోగా పడిపోయింది.

రెండోరోజు అందరూ కలిసి వండారు. సాంబారు వండిన మహానుభావుడు ఫణి. ఉప్పు రెండుసార్లు వేశాడు. వడ్డించబోయి తన చేతి మీద తనే పోసుకుని కెవ్వుమన్నాడు. అసిరమ్మ ఆగలేక గరిటె లాక్కుని వడ్డించేసింది. ఆ రోజు పట్టీలో మళ్ళీ పాత ఒంటిగంటా నలభయ్యే వచ్చింది.

మూడోరోజు కుముద మెస్సు బల్లలు తీయించేసి నేల మీద రెండు వరసలుగా ఆకులు వేయించింది. అందరూ కూర్చున్నారు. అసిరమ్మ ఆకు వరస మధ్యలో, అటు మస్తాన్, ఇటు దేవిడ్రాజుగారు. ఆమెను ఎవరూ ప్రత్యేకంగా చూడొద్దని కుముద ముందే చెప్పింది. కుముద, ఇంకో ఇద్దరు వడ్డించారు. మాటల్లో పడ్డారు. మస్తాన్ తన గాజువాక మేనమామ కొన్న సెకండ్‌హాండ్ కారు బ్రేకుల కథ చెబుతున్నాడు. అసిరమ్మ నవ్వుతూ తింటోంది. మస్తాన్ కథ ఆపకుండానే, చూడకుండానే, వచ్చిన పళ్ళెంలోంచి నెత్తళ్ళ చేపల వేపుడు పిడికెడు తీసి ఆమె ఆకులో వేశాడు.

“పిన్నీ, నీకివిష్టం గదా,” అని మళ్ళీ బ్రేకుల్లోకి వెళ్ళిపోయాడు.

అసిరమ్మ చెయ్యి ఆగింది. ఆ నెత్తళ్ళ వైపు చూసింది. అవంటే తనకిష్టమని ఆమె ఎవరికీ చెప్పలేదు. తర్వాత తల వంచుకుని ఒక్కొక్కటీ నెమ్మదిగా తిన్నది. గోడవతల తెర ముందు కూర్చున్న ఫణికి గీత కనిపించింది. అది లేచింది, ఇంకా లేచింది, అక్కడే నిలబడింది. నలభై రోజుల్లో ఎప్పుడూ అంత ఎత్తుకు రాలేదు. ఫణి గది తలుపు తీసుకుని బయటకొచ్చి, అందరూ తింటుండగా గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

*

కామత్ బళ్ళారిలో పెరిగినవాడు. తెలుగు బాగానే వచ్చు. ఆటలంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆకలి గిన్నెలంటే అంతే చిరాకు. వచ్చీరాగానే ఆ మాట దాచుకోకుండా చెప్పాడు.

“రోజంతా ఆఫీసు పని, ఇంటికెళ్ళి వంట. ఆటలో కూడా వంటేనా? నేను హీరోనవ్వడానికి ఆడతానండీ, వంటవాణ్ణవ్వడానికి కాదు.”

“ఒక గంట ఆడండి సార్. అప్పటికీ వద్దంటే నేనే తీసేస్తాను,” అంది కుముద. చెవి క్లిప్పు ఆయన చేతికిచ్చింది.

ఫణి చేసిన ఆరు పట్టీలు కట్టుకుని, ఆటలోని ఒక్కో మనిషికి ఒకరు చొప్పున ఆరుగురు కూర్చున్నారు. కామత్, ఆయనతో వచ్చిన ముగ్గురు, మస్తాన్. ఆరో కుర్చీలో దేవిడ్రాజుగారు కూర్చోబోతే కుముద ఆపి అసిరమ్మని కూర్చోబెట్టింది. దేవిడ్రాజుగారికి గుండె జారింది. అసిరమ్మ కంట్రోలర్ పట్టుకోవడం మస్తాన్ దగ్గర నేర్చుకుని అప్పటికి వారమే అయింది. తోడేలు వస్తే “పో, పో” అని నోటితో అదిలిస్తుంది.

కామత్ ఆటగాడే, అందులో అనుమానం లేదు. అరగంటలో దొంగలందర్నీ తుడిచిపెట్టాడు. మిగతావాళ్ళను వెనకేసి ఒక్కడే కొండ ఎక్కాడు. సంచీలో నలభైఒక్క రొట్టెలు పోగేశాడు. అప్పుడు పొట్టలో మొదలైంది. ఆయన నవ్వాడు, బాగుందే అన్నాడు. రొట్టె మీద నొక్కాడు. రొట్టె చేతిలోకొచ్చింది, నోటికి పోలేదు.

“ఇదేంటి? నా రొట్టె నేను తినకూడదా?”

“ఎవరైనా పెట్టాలి సార్,” అన్నాడు మస్తాన్ వినయంగా.

“ఎవరున్నారిక్కడ?”

ఎవరూ లేరు. అందరూ కొండ కింద నిప్పు చుట్టూ కూర్చున్నారు. కామత్ పంతానికి పోయి పావుగంట అలాగే నడిచాడు. నుదుటి మీద చెమట పట్టింది. నలభైఒక్క రొట్టెలు వీపున మోస్తూ ఆకలికి అల్లాడటం ఎంత హాస్యాస్పదమో ఆయనకే అర్థమై, ఏదో గొణుక్కుని, వెనక్కి తిరిగి కొండ దిగొచ్చాడు. నిప్పు దగ్గర ఆయన హీరో కత్తి పక్కన పెట్టి కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడం ఆయనకు చేతకాలేదు.

అసిరమ్మ ఆడుతున్న మనిషి లేచి వచ్చింది. ఒక గిన్నెడు అంబలి ఆయన ముందు పెట్టింది. అప్పటిదాకా తెర వైపే ఉన్న అసిరమ్మ తల తిప్పి, పక్క కుర్చీలో ఉన్న అసలు కామత్‌తో, “తినండి బాబూ, సల్లారిపోద్ది,” అంది.

కామత్ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయాడు. ఆయన ముగ్గురు మనుషులూ ఆట ఆపి చూశారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత సంచీ విప్పి, నలభైఒక్క రొట్టెల్నీ నిప్పు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ పంచాడు; అసిరమ్మ మనిషి తన వంతు పక్కవాళ్ళకి పెట్టేసింది. దారిలో ముసలమ్మ వెనకాల వస్తోందని మస్తాన్ గుర్తు చేస్తే, ఆమె కోసం వెనక్కి నడిచాడు కూడా. గంట అయిపోయిందని కుముద చెబితే, “అయితే ఏం? నది ఇంకా రాలేదుగా,” అన్నాడు.

కుముద నెమ్మదిగా వెళ్ళి దేవిడ్రాజుగారి పక్కన నిలబడింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఈసారి వాతావరణం గురించి ఏమీ మాట్లాడలేదు.

నది వచ్చింది. ఒడ్డున ఆరుగురూ చేరారు. అంచున నీళ్ళు మెరుస్తుంటే ఇప్పుడు తెర మూల కాక మనుషుల నెత్తి మీద పెట్టిన గిన్నెల్లో ఐదు, కడుపు నిండినట్టు పచ్చగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా ఉంది. అది మొదట చూసింది కామత్.

“ఆగండాగండి. ఈవిడ తిన్లేదు! అందరికీ పెట్టింది ఈవిడేగా!”

దారిలో కొత్తగా దొరికిన ఒక్క రొట్టె సంచీలోంచి తీసుకుని పరిగెత్తాడు. వెనకాలే మస్తాన్, ఆ వెనక మిగతా ముగ్గురు. ఒకరు చేపలు, ఒకరు రేగుపళ్ళు, ఒకరు ఎక్కడో దాచుకున్న బెల్లంముక్క. తోసుకుంటూ అందరూ అసిరమ్మ మనిషి చుట్టూ చేరారు. గిన్నె పచ్చబడింది, పొంగిపోయింది. అయినా ఎవరూ ఆగలేదు.

“కుముదగారూ,” అన్నాడు కామత్ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. “కావాలంటే ఆ తోడేళ్ళను తీసెయ్యండి. ఆకలి జోలికి మాత్రం వెళ్ళకండి. ఆట మా వాళ్ళే విడుదల చేస్తారు. ఈ ఆకలి ఎవరు చేశారో వాళ్ళ పేరు తెర మీద అన్నిటికంటే ముందు రావాలి.”

“అసిరమ్మ,” అంది కుముద. “ఇంటిపేరు కూడా వేద్దాం. జన్ని అసిరమ్మ.”

అసిరమ్మకు ఆ మాటలేవీ వినబడలేదు. కంట్రోలర్ ఒళ్ళోకి జారిపోయింది. తెర మీద ఐదుగురు ఒకరి మీద ఒకరు పడి తనకు వడ్డిస్తున్నారు. చెవి క్లిప్పులోంచి దిగుతున్న నిండుదనం గొంతుదాకా వచ్చింది. ఆమె తెర ముందు రెండు చేతులూ అడ్డం పెట్టి, నవ్వుతూ, కళ్ళనీళ్ళు కారిపోతుండగా, గట్టిగా కేకేసింది.

“సాలు బాబూ! సాలు, సాలు!”

ఐదుగురూ ఇంకొంచెం వేశారు.